మీకు తెలుసా? 1950కి అటూ ఇటూ కవలలు

మన రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ ఆమోదించింది 1949 నవంబరు 26న. పూర్తిగా అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. తొలి సార్వత్రిక ఎన్నికల పోలింగు మొదలైంది 1951 అక్టోబరులో. వీటిలో 1949, 1951 రెండూ ప్రధాన సంఖ్యలే. ఇలా రెండే తేడాతో వచ్చే జంటను కవల ప్రధాన సంఖ్యలంటారు.

నడుమనున్న 1950ని 6తో భాగించండి, శేషం లేకుండా 325 వస్తుంది. ఇది కాకతాళీయం కాదు. 3, 5 జంటను మినహాయిస్తే ఏ కవలల మధ్యనైనా ఉండేది 6 గుణిజమే. వరుసగా వచ్చే మూడు సంఖ్యల్లో ఒకటి 3 గుణిజమై తీరాలి. అటూ ఇటూ ఉన్నవి ప్రధాన సంఖ్యలు కాబట్టి అది మధ్యదే కావాలి. పైగా రెండు బేసి సంఖ్యల నడుమ ఉండేది సరిసంఖ్యే కదా! చరిత్రకూ ఈ లెక్కకూ సంబంధం లేదు గానీ, పిల్లలకు ఆ మూడేళ్లూ గుర్తుండిపోవడానికి ఇంతకంటే చక్కని దారి లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన 1947 మాత్రం 3, 11, 59ల లబ్ధం.

1997, 1999 తర్వాత మళ్లీ కవల సంవత్సరాలు 2027, 2029. రోజు, నెల, సంవత్సరం మూడూ ప్రధాన సంఖ్యలయ్యే తేదీలు 2027లో 52 ఉన్నాయి. మొదటిది ఫిబ్రవరి 2. మీ ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా వాటిలో ఉందేమో చూడండి.