పడమటి అద్దం తలుపుకు పట్టీల కాపలా

మే రెండో వారంలో మనూర్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే నీడ కాళ్ల కిందే ముడుచుకుంటుంది. ఈ ఊరున్న నారాయణఖేడ్ ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే సూర్యుడు ఏటా రెండుసార్లు, మే 12 ఆ ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1 ఆ ప్రాంతంలో ఇంకోసారి, ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండ స్లాబును కాలుస్తుంది గానీ గోడకున్న తలుపు జోలికి రాదు, దానికి పైనున్న సజ్జా చాలు. అసలు తంటా సాయంత్రం మొదలవుతుంది. మే నెలలో నాలుగున్నరకు సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. పడమటి వైపు జరిపే అద్దం తలుపు ఉంటే ఎండ నేరుగా మంచం దాకా వచ్చి కూర్చుంటుంది.

పాత మట్టి మిద్దెల్లో మందపాటి గోడలు, చిన్న కిటికీలు. వాటికి ఈ గొడవే లేదు. ఇంత పెద్ద అద్దం మామూలు ఇళ్లకు అందడానికి కారణం ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించిన పద్ధతి. అలస్టెయిర్ పిల్కింగ్టన్ 1950లలో ఏళ్ల తరబడి తంటాలు పడి, పాల మీద మీగడలా కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించాడు. రెండు వైపులా నునుపైన పలక, సానబట్టే పని లేకుండా, పొడవాటి రిబ్బనులా వచ్చేసింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబేన్ ఇదే పద్ధతిలో 2000 నుంచి గాజు పోస్తోంది.

గాజు ఎండను లోపలికి వదులుతుంది, వేడిని మాత్రం తేలిగ్గా బయటికి పోనివ్వదు. ఎండ తగిలి వేడెక్కిన నేల, పరుపు వెదజల్లే పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం 10 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మామూలు గాజు 3 మైక్రాన్లు దాటినదాన్ని దాదాపుగా ఆపేస్తుంది. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న తలుపులోంచి వేసవి సాయంత్రం ఒకటిన్నర కిలోవాట్ల వేడి లోపలికి రావడం పెద్ద విశేషం కాదు. ఒక టన్ను ఏసీ తోడిపోయగలిగేది మూడున్నర కిలోవాట్లు. అందులో సగానికి దగ్గరగా ఈ తలుపే తినేస్తుంది.

ఈ తలుపుకు కాపలాగా వచ్చిన పట్టీల తెరకు పాత చరిత్రే ఉంది. 1760లో లండన్‌లో గోవిన్ నైట్ కిటికీ తెరలకు పేటెంటు తీసుకున్నాడు. ఓడల దిక్సూచీలకు మేలైన అయస్కాంతాలు చేసిన శాస్త్రవేత్త ఆయన, బ్రిటిష్ మ్యూజియానికి మొదటి ప్రధాన గ్రంథపాలకుడు కూడా. పుస్తకాలు చూసుకోవాల్సిన పెద్దమనిషికి కిటికీల ధ్యాస ఎందుకు పట్టిందోగానీ మంచి పనే చేశాడు. 1769లో ఎడ్వర్డ్ బెరన్ మరో పేటెంటు పొందాడు. పట్టీలను కావలసిన వాలులో నిలిపే ఏర్పాటుకు న్యూ ఆర్లియన్స్‌లో జాన్ హాంప్సన్ 1841లో పేటెంటు తెచ్చుకున్నాడు. చెక్క పట్టీల బరువు బెడదను 1946లో హంటర్ డగ్లస్ వాళ్ల పల్చటి అల్యూమినియం పట్టీ తీర్చింది.

అయితే అడ్డపట్టీల తెర పైకి లేస్తుంది, మన తలుపేమో పక్కకు జరుగుతుంది. మనిషి దాటాలంటే ప్రతిసారీ తెరంతా ఎత్తాలి. పట్టీలను నిలువుగా వేలాడదీసి, పైన ఛానల్‌లో చక్రాల మీద జరిపితే ఆ చిక్కు పోయింది. వర్టికల్ బ్లైండ్స్ అంటే ఇవే. ఒక్కో పట్టీ వెడల్పు సాధారణంగా 89 మిల్లీమీటర్లు. ఛానల్ పొడవునా ఒక కడ్డీ ఉంటుంది. గొలుసు లాగితే అది తిరుగుతుంది, ప్రతి పట్టీ మెడ దగ్గరున్న చిన్న పళ్లచక్రం ఆ తిరుగుడును అందుకుని పట్టీలన్నిటినీ ఒక్కసారే తిప్పుతుంది. నెత్తిమీది ఎండకు అడ్డపట్టీ మేలు, పక్క నుంచి వాలుగా వచ్చే ఎండకు నిలువుపట్టీ మేలు. కంది నూర్చే రోజుల్లో ఊరంతా లేచే దుమ్ము కూడా నిలువు పట్టీల మీద తక్కువగా నిలుస్తుంది. తలుపు తీసి ఉంచితే గాలికి పటపటా కొట్టుకోవడం మాత్రం తప్పదు. చిన్నపిల్లలున్న ఇంట్లో వేలాడే గొలుసు మెడకు చుట్టుకునే ప్రమాదముంది, దాన్ని గోడకు బిగించాలి, లేదా గొలుసు బదులు కర్రతో తిప్పే రకం అడగాలి.

ఇంత పొగిడాక చెప్పాల్సిన మాట ఒకటుంది. లోపల వేసే తెర ఏదైనా ఆలస్యంగా వచ్చిన కాపలాదారే. ఎండ అప్పటికే గాజు దాటింది, తెరను కాల్చింది, తెర గదిని కాలుస్తుంది. బయట వాలుగా వేసే గుడ్డ పందిరి పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ వేడిని 77 శాతం దాకా ఆపగలదనీ, వెనక తెల్ల ప్లాస్టిక్ అస్తరున్న కర్టెన్ 33 శాతమే తగ్గిస్తుందనీ అమెరికా ఇంధన శాఖ లెక్క. వేల రూపాయల బ్లైండ్స్ కంటే మేదరులు అల్లే వెదురు తడక తలుపు బయట కడితే ఎక్కువ పనిచేస్తుందంటాను. వట్టివేళ్ల తడక కట్టి నీళ్లతో తడిపితే ఇంకా మేలు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. ఇదంతా ఏప్రిల్, మే నెలల పొడిగాలిలోనే, వానాకాలపు తేమలో అది బూజు పట్టడానికే పనికొస్తుంది.

కాబట్టి ఎండకు బయట తడక, రాత్రి చాటుకు లోపల పట్టీలు. పట్టీలు కొనేటప్పుడు గాజు వైపు తెల్లగా ఉన్నవి చూడాలి, ముదురు రంగు ఎండను మింగి గదిలోకే కక్కుతుంది. తడకను మాత్రం తలుపు కొలతకు సరిగ్గా చేయిస్తే చాలదు. మనూర్‌లో జూన్‌లో సూర్యుడు సరిగ్గా పడమర నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరులో అంతే దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. రెండు పక్కలా అడుగు చొప్పున ఎక్కువ అల్లించాలి, గాలిదుమారానికి ఎగరకుండా కింది కర్రకు రెండు కొక్కేలూ వేయించాలి.