వెనుక వచ్చేవారి కోసం

బార్సిలోనా వెళ్ళినప్పుడు నా సంచిలో టెన్నిస్ రాకెట్ కూడా ఉంది. 1992 ఒలింపిక్స్ టెన్నిస్ జరిగిన వాల్ డెబ్రోన్‌లో ఒక్క గంటైనా ఆడాలని నా చిరకాల కోరిక. మన రమేష్ కృష్ణన్, లియాండర్ పేస్ జంట ఆ పోటీల్లో డబుల్స్ క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్ళింది. డబ్బు కట్టి ఎవరైనా అక్కడ ఆడుకోవచ్చు.

ఆ కోర్టు ఎర్రమట్టిది. మట్టి అంటే నిజానికి మెత్తగా చేసిన ఇటుక పొడి. సిమెంటు కోర్టు మీద రెండు మూడు దెబ్బల్లో పాయింటు ముగించడం నాకు అలవాటు. ఇక్కడ బంతి నేలను తాకి నెమ్మదిస్తుంది, ఎత్తుగా లేస్తుంది. ఎంత గట్టిగా కొట్టినా తిరిగి వస్తుంది. ఓర్పు లేనివాడు ఈ నేల మీద గెలవలేడు. నాతో ఆడిన డెబ్బయ్యేళ్ళ పెద్దాయన నన్ను రెండు సెట్లలోనూ ఓడించాడు.

ఆట కాగానే నేను సంచి సర్దుకున్నాను. ఆయన మాత్రం ఒక వెడల్పాటి వలను కోర్టంతా ఈడ్చి మా అడుగుల గుర్తులు చెరిపాడు. చీపురుతో తెల్ల గీతలు ఊడ్చాడు. ఎందుకని సైగ చేస్తే, గేటు దగ్గర వేచి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళను చూపించాడు. సిగ్గుపడి చీపురు అందుకున్నాను.

అక్కడి నుంచి ఐదో లైను మెట్రోలో సగ్రాదా ఫమీలియా, అంటే పవిత్ర కుటుంబ దేవాలయం చూడబోయాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మా సంఘ మందిర నిర్మాణ కమిటీ నుంచి తప్పుకుంటానని ఉత్తరం రాసి ఇంట్లో ఉంచి వచ్చాను. ఎనిమిదేళ్ళయినా పైకప్పు పడలేదు. నేను బ్రతికుండగా అందులో ఆరాధన చూస్తానా అని విసుగు.

సగ్రాదా ఫమీలియాకు 1882లో పునాది రాయి వేశారు. మరుసటి సంవత్సరం ఆంటోనీ గౌడీ ఆ పని చేపట్టాడు. అప్పుడాయన వయసు 31. విశ్వాసుల కానుకలతో కట్టవలసిన ఆలయం కాబట్టి డబ్బు వస్తే పని సాగేది, రాకపోతే ఆగేది. అయినా 1909లో అక్కడి పనివారి పిల్లల కోసం ఆ ఆవరణలోనే చిన్న బడి కట్టాడు. 1926 జూన్ 7న ఆయనను ట్రామ్ ఢీకొట్టింది. పాత బట్టలు చూసి బిచ్చగాడనుకున్నారు. మూడు రోజులకు కన్నుమూశాడు. 43 ఏళ్ళు శ్రమించినా ఆయన పూర్తిగా చూసిన గంటల గోపురం ఒక్కటే! అనుకున్న గోపురాలు మొత్తం పద్దెనిమిది.

1936లో అంతర్యుద్ధం వచ్చింది. ఆయన నమూనాలను పగులగొట్టి, పటాలను తగలబెట్టారు. వెనుక వచ్చినవారు ఆ ముక్కలను ఏరి, అతికించి పని సాగించారు. 2010లో పోప్ బెనెడిక్ట్ ఆలయాన్ని ప్రతిష్ఠించారు.

లోపల స్తంభాలు చెట్లలా కొమ్మలు వేసి పైకప్పును మోస్తున్నాయి. రంగుటద్దాల వెలుగు నేల మీద పడుతోంది. నడిమి గోపురానికి నిర్ణయించిన ఎత్తు 172.5 మీటర్లు. ఆ ఊరి మోంజుయిక్ కొండకన్నా కాస్త తక్కువ. దేవుడు చేసిన కొండను మనిషి కట్టడం మించరాదని గౌడీ అభిప్రాయం. ఆయన సమాధి ఆ ఆలయం కింది గదిలోనే ఉంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

ప్రియ పాఠకులారా, నాటేవాడు, నీళ్ళు పోసేవాడు వేరైనా వృద్ధి కలుగజేసేది దేవుడేనని పౌలు కొరింథు సంఘానికి బోధించాడు. చిన్ననాటి నుంచి విన్న మాటే. మనం పిల్లల కోసం చేసే ప్రార్థన, సండే స్కూలులో చెప్పే పాఠం ఎప్పుడు ఫలిస్తాయో మనకు తెలియదు. నేను పుట్టకముందు ఎవరో కట్టిన మందిరంలోనే కదా నేను బాప్తిస్మం పొందింది!

ఇంటికి రాగానే ఆ ఉత్తరం చించేశాను. మరుసటి ఆదివారం ఆరాధన తరువాత కమిటీ సమావేశానికి అందరికన్నా ముందు వెళ్ళి కూర్చున్నాను.