వేటకు విరామం.. వ్యానుకు గండం

కాకినాడ: పడవలు ఒడ్డుకు చేరితే వాటినే నమ్ముకున్న చేపల వ్యాన్లకూ పని ఉండదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేటపై నిషేధం అమల్లో ఉంటుంది. 2015కు ముందు ఈ గడువు 47 రోజులే. రొయ్యల చెరువుల కిరాయి దొరికిన బండ్లు తప్పిస్తే కాకినాడ, నిజాంపట్నం, గిలకలదిండి రేవులను నమ్ముకున్న డీజిల్ పికప్‌లు ఇంటి ముందు నిలిచిపోవాల్సిందే. నిషేధ కాలపు భృతి మత్స్యకారులకే గానీ వ్యాను యజమానులకు అందదు. ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగవు. జూన్ 15 ఉదయం బండి మొరాయిస్తే సీజను తొలి కిరాయిలన్నీ మరమ్మతులకే సమర్పించుకోవాలి.

ఉప్పుతోనే మొదటి ముప్పు

చేపల వ్యానుకు సాధారణ పికప్‌కు లేని శత్రువు ఉప్పు. ఐసు కరిగి కారిన ఉప్పునీరు వెనుక బాడీ అతుకుల్లోకి, అక్కడి నుంచి ఛాసీ మీదికి చేరుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక పైకి ఆరినట్లున్నా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. అందుకే నిలిపే ముందు బాడీతో పాటు అడుగు భాగాన్నీ మంచినీటితో కడిగించి, నీరు పోయే రంధ్రాల్లోని పొలుసు, చెత్త తీయించి ఒక రోజు ఎండలో ఆరనివ్వాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను ఛాసీకి పూయడం చాలామందికి అలవాటు. అది రబ్బరు బుష్‌లను మెత్తబరుస్తుంది, బ్రేకులపై పడితే మరీ ప్రమాదం. తుప్పు నివారణ పూతే మేలు.

సగం ట్యాంకు.. సగం నీరు

కిరాయి లేదు కదా, డీజిల్ ఎందుకు దండగ అనుకుని దాదాపు ఖాళీ ట్యాంకుతో బండి నిలపడమే అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ట్యాంకులోని ఖాళీలో తీరప్రాంతపు తేమగాలి నిండుతుంది. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి మధ్య ఆ తేమ నీటి చుక్కలుగా మారి, డీజిల్ కన్నా బరువు కనుక అడుగుకు చేరుతుంది. నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడుతుంది. అది ఫిల్టరును మూసేస్తుంది. నీరు ఫిల్టరు దాటితే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్ల పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి. పాత ఇంజిన్లు ఓర్చుకున్నంతగా ఇవి ఓర్చుకోలేవు. వేడికి డీజిల్ వ్యాకోచించేందుకు కాస్త చోటు వదిలి ట్యాంకు నింపించాలి. శుభ్రమైన డీజిల్ రెండు నెలల్లో చెడిపోదు. పోసిన సొమ్ము ఎక్కడికీ పోదు. ఫిల్టరు అడుగున ఉండే మర వదులు చేసి చేరిన నీటిని తీసేయాలి.

ఇంజిన్ ఆయిల్‌ను తిరిగి తిప్పేటప్పుడు మార్చుదామని వాయిదా వేయడమూ సరికాదు. వాడిన ఆయిల్‌లో మసి, ఆమ్లాలు ఉంటాయి. రెండు నెలలూ అవి బేరింగులను అంటిపెట్టుకుని ఉంటాయి. ముందే మార్చి, కొద్ది దూరం నడిపి నిలపాలి.

రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలన్న నమ్మకం రేవుల్లో బలంగా ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తే లోపల ఏర్పడిన తేమ ఆయిల్‌లోనే మిగులుతుంది. స్టార్టింగుకు ఖర్చయిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి చేరదు. స్టార్ట్ చేస్తే అరగంటైనా రోడ్డుపై నడపాలి, లేదంటే ముట్టుకోకపోవడమే నయం. అలా వదిలేసేవారు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, నెలకోసారి ఛార్జింగ్ పెట్టించుకోవాలి.

హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే బ్రేకు షూలు డ్రమ్ములకు పట్టేస్తాయి. గేరులో ఉంచి చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెడితే చాలు. ఇసుకలో కాకుండా గట్టి నేలపై నిలిపి, టైర్లలో గాలి నిండుగా ఉంచి, పక్షానికోసారి బండిని కాస్త ముందుకు తోయాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తేమ లోపలే నిలుస్తుంది. ఎలుకలు చేరకుండా పొగ గొట్టానికి గుడ్డ కుక్కితే, ఆ సంగతి రాసిన చీటీ స్టీరింగుకు కట్టుకోవాలి. బీమా, ఫిట్‌నెస్ గడువులు ఈ రెండు నెలల్లోనే ముగుస్తాయేమో కూడా చూసుకోవాలి.

జూన్ 14 దాకా ఆగకుండా రెండు రోజుల ముందే బండిని లేపడం మంచిది. గుడ్డ తీసి, ఆయిల్, కూలెంట్ చూసి, ఫిల్టరులో నీరు మళ్లీ తీసి, బ్యాటరీ కలపాలి. ఆయిల్ లైటు ఆరేవరకు యాక్సిలరేటర్ తొక్కకూడదు. ఖాళీ రోడ్డుపై నెమ్మదిగా పోనిచ్చి బ్రేకులు సరిచూసుకున్నాకే ఐసు పెట్టెలు ఎక్కించాలి.