కొబ్బరినూనె తాగితే ఒళ్లు తగ్గుతుందా?

మన పల్నాడులో కొబ్బరినూనె అంటే తలకు రాసుకునేదే. కూరల్లోకి వేరుశనగ నూనె, పచ్చళ్లలోకి నువ్వులనూనె వాడటం మన పెద్దల నాటి అలవాటు. అలాంటిది కొన్నేళ్లుగా కొబ్బరినూనె అద్దం దగ్గర నుంచి వంటింట్లోకి వచ్చింది. రుచి కోసం కాదు, ఒళ్లు తగ్గుతుందన్న ఆశతో.

పత్తి సంగతులు తెలుసుకుందామని ఈమధ్య బొల్లాపల్లి మండలంలో ఒక రైతు ఇంటికి వెళ్లాం. ఆయన మాకు టీ ఇప్పించి, తాను మాత్రం సీసాలోంచి రెండు పెద్ద స్పూన్ల కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని గటగటా తాగాడు. సాయంత్రం మళ్లీ రెండు స్పూన్లట. మూడు నెలలైంది మొదలుపెట్టి. "తగ్గారా అన్నా?" అని అడిగితే ఆయన మాట్లాడలేదు. ఇల్లాలు అందుకుంది: "తగ్గడమా! పత్తి కాటా మీద ఎక్కితే నాలుగు కిలోలు పెరిగాడండీ. తలకు రాసుకుందామంటే చుక్క మిగలనివ్వడం లేదు."

నూనె తాగిన మనిషి పెరిగాడు. ఇదే నూనె తాగి పది కిలోలు తగ్గామని చెప్పేవాళ్లూ మీ ఊళ్లో ఉండే ఉంటారు. రెండూ నిజమే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఈ మాట ఎక్కడిది?

వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి 2017, 2018 సంవత్సరాల్లో మన జిల్లాల్లో ఊరూరా పాకింది. అన్నం, రొట్టె, పంచదార, పండ్లు పూర్తిగా మానాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల దాకా కొవ్వు తీసుకోవాలి, దానికి కొబ్బరినూనె మేలు. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, విటమిన్ మాత్రలు. స్థూలంగా ఇదీ పద్ధతి. దీనిపై చాలామంది డాక్టర్లు అప్పట్లోనే అభ్యంతరం చెప్పారు. ఆ వాదన అలా ఉంచితే, మనవాళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు వేరే ఉంది. అన్నం మానడం కష్టం, నూనె తాగడం తేలిక. కాబట్టి తేలికైనది పట్టుకుని, కష్టమైనది వదిలేశారు.

అన్నం లెక్క, నూనె లెక్క

యూరియా బస్తా మీద ఏ కంపెనీ పేరున్నా లోపల నత్రజని 46 శాతమే. నూనెలూ అంతే. వేరుశనగ అయినా, పొద్దుతిరుగుడు అయినా, కొబ్బరి అయినా ఒక గ్రాము నూనె ఒంటికి ఇచ్చేది 9 కేలరీలు. గానుగలో ఆడించినా ఆ లెక్క మారదు. బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు ఇస్తాయి.

రోజుకు అరకిలో బియ్యం వండుకు తినే మనిషికి అన్నం నుంచి వచ్చేవి 1,750 కేలరీలు. అతను అన్నం పూర్తిగా మాని 80 గ్రాముల నూనె తాగాడనుకోండి. నూనె నుంచి వచ్చేవి 720. మిగతా తిండి పెద్దగా మారకపోతే రోజుకు వెయ్యి కేలరీలు తగ్గినట్టు. అతను చిక్కుతాడు. చిక్కించింది నూనె కాదు, మానేసిన అన్నం.

ఇంకొకరు అన్నం మానకుండా అదే నూనె తాగారనుకోండి. రోజుకు 720 కేలరీలు అదనం. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 కేలరీల మిగులు కావాలి. ఇక ఎన్నాళ్లలో ఒళ్లు పెరుగుతుందో మీరే చూసుకోండి. పైన చెప్పిన రైతు రోజుకు నాలుగు పెద్ద స్పూన్లు, అంటే 55 గ్రాములు తాగాడు. అది దాదాపు 500 కేలరీలు. పైగా పప్పులోకి నెయ్యి, ఆవకాయలోకి నూనె ఎప్పటిలాగే ఉన్నాయి.

అన్నం మానిన మొదటి వారంలో తగ్గే కిలోల సంగతి కూడా తెలుసుకోండి. మనం తిన్న పిండిపదార్థం కొంత కండరాల్లో, కాలేయంలో నీటితో కలిసి నిలవ ఉంటుంది. అన్నం ఆపగానే ఆ నిలవ ఖర్చయి, నీరూ పోతుంది. తడి పత్తి ఆరితే తూకం తగ్గినట్టన్నమాట. తూకం తగ్గింది గానీ దూది తగ్గలేదు. మళ్లీ అన్నం మొదలుపెట్టగానే ఆ నీరు తిరిగి చేరుతుంది.

పరీక్షల్లో తేలిందేమిటి?

బ్రెజిల్ దేశంలో 40 మంది ఆడవాళ్ల మీద చేసిన ఒక పరీక్ష 2009లో వెలువడింది. సగం మందికి రోజూ 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనె, మిగతా సగానికి అంతే సోయా నూనె 12 వారాలపాటు ఇచ్చారు. అందరికీ తిండి తగ్గించి, రోజూ 50 నిమిషాలు నడవమన్నారు. ఒళ్లు రెండు జట్లలోనూ తగ్గింది. నడుము చుట్టుకొలత మాత్రం కొబ్బరినూనె జట్టులోనే తగ్గింది. ఈ ఒక్క ముక్క బాగా ప్రచారమైంది. తిండి తగ్గించారన్నదీ, నడిచారన్నదీ వెనక్కి పోయాయి.

తరువాత ఇలాంటి 16 పరీక్షలను ఒకచోట చేర్చి చూసిన విశ్లేషణ 2020లో వచ్చింది. ఇతర మొక్కల నూనెలతో పోలిస్తే ఒంట్లో కొవ్వు తగ్గడంలో కొబ్బరినూనెకు చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం సగటున 10 పాయింట్లు ఎక్కువగా కనిపించింది. మంచిదనే హెచ్‌డీఎల్ 4 పాయింట్లు పెరిగింది.

"కొబ్బరినూనెలో ఎంసీటీ అనే కొవ్వు ఉంటుంది, అది పేరుకోదు, వెంటనే ఖర్చవుతుంది" అని కొందరంటారు. ఎంసీటీ నూనె పేరుతో పరీక్షల్లో వాడింది విడిగా తయారుచేసిన నూనె. అలా త్వరగా ఖర్చయ్యే రకం కొవ్వు కొబ్బరినూనెలో ఏడింట ఒక వంతు మించదు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఇది ఒంట్లోకి చాలావరకు మామూలు కొవ్వు వెళ్లే దారినే వెళుతుంది. ఒక విత్తనం మీద చేసిన పరీక్ష చూపించి ఇంకో విత్తనం అమ్మితే మీరు ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

గుండె సంగతి

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉండటం అందరం చూస్తాం. 24 డిగ్రీల దిగువన అది పేరుకుంటుంది. కారణం అందులో 90 శాతం దాకా సంతృప్త కొవ్వు కావడమే. వేరుశనగ నూనెలో ఇది 20 శాతం లోపు, నువ్వులనూనెలో 15 శాతం, పామోలిన్‌లో 45 శాతం చొప్పున ఉంటుంది. ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి నూనె నరాల్లో గడ్డకడుతుందని అనుకోకండి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఏళ్ల తరబడి అది ఎక్కువగా ఉంటే గుండెకు ముప్పు. భయం అక్కడ.

అలాగని కొబ్బరి విషం కాదు. ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి, కూరలో తురుము మానక్కర్లేదు. పచ్చికొబ్బరిలో నూనె మూడో వంతే, పీచు కూడా ఉంటుంది. కేరళ వాళ్లు కొబ్బరినూనెతోనే వండుకుంటారు. కానీ వాళ్లు వేరే నూనెకు బదులుగా వాడతారు. ఉన్న నూనె మీద ఇంకో నూనె పోసుకోవడం మన దగ్గర వచ్చిన తంటా.

మీ ఇంటికి ఎంత నూనె?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు వెలువరించింది. రోజుకు 2,000 కేలరీల తిండికి నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి 27 గ్రాములని అందులో ఉంది. ఈ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. రోజుకు 80 గ్రాములు తాగే మనిషి ఒక్కడే నెలకు రెండున్నర లీటర్లు పైగా ఖర్చు చేస్తాడు. మీ ఊరి కొట్లో రేటు అడిగి గుణించి చూడండి. అదే డబ్బుతో పిల్లలకు నెలంతా కోడిగుడ్లు వస్తాయేమో లెక్క కట్టండి.

మరి ఒళ్లు ఎందుకు పెరుగుతోంది?

శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడును ఎద్దేవా చేసిన చాటువులు పెద్దలకు గుర్తుంటాయి. ఇప్పుడు మన కంచాల్లో జొన్న పోయి మూడుపూటలా తెల్లన్నం వచ్చింది. అరక పోయి ట్రాక్టరు వచ్చింది. కలుపు తీసే చోట మందు కొడుతున్నాం. చేనికి బండి మీద వెళుతున్నాం. బరువైన పనిచేసే మగవాడికి రోజుకు 3,470 కేలరీలు, కూర్చుని పనిచేసేవాడికి 2,110 చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క. మిరప కోతల నాడు తిన్నంత అన్నం ఎండాకాలం అరుగు మీద కూర్చున్నప్పుడూ తింటే మిగులు ఎక్కడికి పోతుంది? పొట్టలోకే.

కాబట్టి ఇలా చేసి చూడండి.

- పని లేని నెలల్లో అన్నం మూడో వంతు తగ్గించి, ఆ చోటు కూరతో, ఆకుకూరతో నింపండి.
- మీ చేలో పండిన కందిపప్పు కొంత ఇంటికి ఉంచుకోండి. పప్పు, గుడ్డు, మజ్జిగ తింటే త్వరగా ఆకలి వేయదు.
- ఒక పూట జొన్న రొట్టె తినండి. జొన్నలోనూ కేలరీలు దాదాపు బియ్యమంతే ఉంటాయి. పీచు ఎక్కువ కాబట్టి తక్కువతో కడుపు నిండుతుంది.
- నెలకు సరిపడా నూనె ఒకేసారి కొలిచి డబ్బాలో పోసి, అంతలోనే సరిపెట్టుకోండి.
- నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.
- కొబ్బరినూనె వంటకు వాడదలిస్తే ప్యాకెట్ మీద తినే నూనె అని, ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉన్నదే కొనండి. వాసన కలిపిన తలనూనె నోట్లో పోయకండి.

షుగరు జబ్బుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఒక్కసారిగా అన్నం మానితే షుగరు పడిపోయి చేలోనే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవారు, గర్భిణులు కూడా ఎవరి మాటో విని తిండి మార్చవద్దు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూపించుకుని, డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

ఆ రైతుకు ఈ లెక్కంతా విత్తనాల సంచి మీదే వేసి చూపించాం. ఆయన కాసేపు చూసి, "అయితే అన్నం దగ్గరే ఉందన్నమాట కిటుకు" అన్నాడు. మేం లేచి వచ్చేసరికి ఆయన ఇల్లాలు నూనె సీసాను మళ్లీ అద్దం పక్కన పెడుతోంది.