మేజోళ్ల యంత్రం నేర్పిన మడమ పాఠం

మేమిద్దరం ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదువుకున్నాం. ప్రస్తుతం ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని లెస్టరు నగరంలో ఉంటున్నాం. మీకు తెలిసిన పని ఏదైనా ఒకటి అర్థమయ్యేలా రాసి పంపండని సంచిక బాధ్యులు కోరారు. ఈ మధ్యనే మేము నేర్చుకున్న పని ఒకటుంది. నూరేళ్ల నాటి చేతి యంత్రం మీద సాక్సులు అల్లడం. దాని గురించే రాస్తున్నాం.

హాస్టల్లో మనకు సాక్సు ఎక్కడ చిరిగేదో గుర్తుందా? ముందు మడమ దగ్గరే. చిరుగు కనబడకుండా సాక్సును బూటులోకి లాక్కుని ప్రార్థనకు నిలబడేవాళ్లం. ఆ మడమ అల్లడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

యంత్రం పుట్టుక

సాక్సుల అల్లికకు మొదటి యంత్రాన్ని 1589లో ఇంగ్లండులోని నాటింగ్‌హాం జిల్లాకు చెందిన విలియం లీ అనే మతాచార్యుడు తయారు చేశాడు. అది బల్లపరుపుగా గుడ్డను అల్లేది. ఆ గుడ్డను మడిచి అంచులు కలిపి కుట్టుకోవాలి. గుండ్రంగా, కుట్టు లేకుండా అల్లే చిన్న చేతి యంత్రాలు ఇళ్లలోకి వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలో. అందుకు ముఖ్య కారణం గడియ ఉన్న సూది. దానికి 1849లో పేటెంటు పొందిన మాథ్యూ టౌన్‌సెండ్ మేముంటున్న ఈ లెస్టరు వాడే. తర్వాత 1870లలో హెన్రీ గ్రిజ్‌వోల్డ్ ఇంటి యంత్రానికి మంచి రూపం ఇచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) వీటికి గిరాకీ పెరిగింది. కందకాల్లో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడిన సైనికులకు పాదాలు చచ్చుబడి, కుళ్లిపోయేవి. పొడి సాక్సులు తరచు మార్చుకోవడమే దానికి ముఖ్యమైన నివారణ. అందుకే చాలామంది స్త్రీలు చేత్తోనూ, ఈ యంత్రాల మీదా సాక్సులు అల్లి పంపారు.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

యంత్రాన్ని బల్ల అంచుకు మరలతో బిగిస్తారు. మధ్యలో ఇనుప గొట్టం, దాని చుట్టూ నిలువు గాళ్లు, ఒక్కో గాడిలో ఒక్కో సూది. మేము నేర్చుకున్న దానికి 60 సూదులు. గొట్టం కదలదు. చేతి పిడి తిప్పితే దాని చుట్టూ ఉన్న పెంకు తిరుగుతుంది. పెంకు లోపలి వంపులు ఒక్కో సూదిని వరుసగా పైకి లేపి, కిందికి దించుతాయి.

సూది కొనకు కొక్కెం, దాని కింద చిన్న గడియ ఉంటాయి. సూది పైకి లేచినప్పుడు పాత ఉచ్చు గడియను తెరిచి దాని కిందికి జారుతుంది. కొత్త దారం కొక్కెంలో పడుతుంది. సూది దిగేటప్పుడు అదే పాత ఉచ్చు గడియను మూసి, దాని మీదుగా జారి బయటికి పోతుంది. కొత్త దారం పాత ఉచ్చులోంచి వచ్చి తానే ఉచ్చవుతుంది. పిడి ఒక్క చుట్టు తిప్పితే 60 ఉచ్చులు. అల్లిన గుడ్డ గొట్టం లోపలి నుంచి కిందికి దిగుతుంది. దాన్ని కిందికి లాగి ఉంచడానికి బరువు వేలాడదీస్తారు.

మొదట పనికిరాని ఊలుతో కొన్ని వరుసలు అల్లి, తర్వాత అసలు ఊలు ఎక్కిస్తారు. కాలి భాగం నేర్చుకోవడానికి మాకు ఒక్క పూట చాలింది. పిడి తిప్పడమే కదా! చకచకా గొట్టం దిగుతుంటే మాకు పని వచ్చేసిందనుకున్నాం. నేర్పే పెద్దావిడకు డెబ్భై ఏళ్లు దాటాయి. ఆవిడ నవ్వి, "ఇంతవరకు యంత్రం పనే. ఇక మీ పని మొదలు" అంది.

మడమ దగ్గర ఏం జరుగుతుంది?

మడమ గొట్టంలా ఉండదు, గిన్నెలా ఉంటుంది. అందుకని సగం, అంటే 30 సూదులను పనిచేయకుండా పైకి లేపి ఉంచాలి. మిగిలిన 30 సూదుల మీద పిడిని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పాలి. ప్రతి వరుసకు ఒక చివర ఒక సూదిని లేపుతూ పోతే, 20 వరుసలకు మధ్యలో 10 సూదులే మిగులుతాయి. ఆ తర్వాత లేపిన వాటిని వెనకనుంచి ముందుకు, అంటే చివర లేపినదాన్ని ముందుగా, ఒక్కొక్కటిగా దించుతూ మరో 20 వరుసలు అల్లాలి. అప్పటికి గిన్నె తయారవుతుంది. మళ్లీ 60 సూదులూ దించి పాదం అల్లాలి. వేళ్ల భాగం కూడా మడమలాగే. చివర విడిగా ఉన్న రెండు అంచులను చేతి సూదితో, కుట్టు తెలియకుండా కలపాలి.

చెప్పడానికి సులువే. కానీ దిశ మార్చిన ప్రతిసారీ దారం వదులవుతుంది. దాన్ని పైనున్న స్ప్రింగు లాక్కోవాలి. లాక్కుందో లేదో మనం చూసుకోవాలి. మడమ గుడ్డకు చిన్న బరువు తగిలించి, గుడ్డ పెరిగేకొద్దీ ఆ బరువును పైకి మార్చుతుండాలి. మేము మొదటిసారి ఆ సంగతి మరిచాం. ఉచ్చులు సూదుల మీదికి ఎగబాకి, ఒకటి తర్వాత ఒకటి జారిపోయాయి. చివరికి సాక్సు మొత్తం ఊడి ఒళ్లో పడింది. రెండోసారి ఒక సూది గడియ వంగి ఉందని చూడలేదు. మూడోసారి లెక్క తప్పాం. అయిదోసారికి గాని మడమ కుదరలేదు.

మీకు ఇదంతా ఎందుకు రాస్తున్నాం?

1910లు, 20లలో అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ ఈ యంత్రాలు అమ్మిన కంపెనీలు పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేవి. యంత్రం కొనండి, ఇంట్లో కూర్చుని అల్లండి, సాక్సులు మేమే కొంటాం అనేవి వాటి సారాంశం. కానీ సాక్సు వాళ్ల ప్రమాణానికి సరిపోవాలి. కాలి గొట్టం ఎవరైనా అల్లగలరు. మడమ దగ్గరే చేయి తిరగాలి.

ఈ మాట విన్నప్పుడు మాలో ఒకరికి సొంత అక్క గుర్తొచ్చింది. అక్క కొన్నేళ్ల క్రితం డ్వాక్రా అప్పు తీసుకుని దీపం వత్తుల యంత్రం కొంది. దూది వాళ్లే ఇస్తామన్నారు, వత్తులు వాళ్లే కొంటామన్నారు. ఒక్కరోజు శిక్షణ. రెండు విడతలు తీసుకున్నారు. మూడో విడత మందం సమానంగా లేదని తిప్పి పంపారు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. అక్క కూలికి వెళ్లి ఆ అప్పు తీర్చింది. ఫోనులో మా మడమ కథ చెబితే అక్క అంది: "నాకూ ఆ రోజు వత్తి తిరగడమే చూపించార్రా తమ్ముడూ. తేడా వస్తే ఏం చేయాలో చూపించలేదు."

అందుకే తమ్ముళ్లూ, మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి యంత్రం కొనబోతుంటే ముందు ఈ నాలుగు విషయాలు అడగండి. పనిలో కష్టమైన భాగం ఏది, దాన్ని నేర్పుతారా? సరుకు తిరస్కరిస్తే నష్టం ఎవరిది? అమ్మినవాడు కాక కొనేవాళ్లు మన ఊళ్లో, పక్క ఊళ్లో ఇంకెవరున్నారు? యంత్రం చెడితే బాగుచేసేది ఎవరు? సమాధానం కాగితం మీద రాసివ్వని చోట డబ్బు కట్టవద్దు.

యంత్రం చెడ్డది కాదు. ఈనాటి కంప్యూటరు సాక్సుల యంత్రాల్లోనూ ఆ గడియ సూదులే వాడుతున్నారు, మడమకు చాలా యంత్రాలు ఇప్పటికీ అలాగే ఇటూ అటూ తిరుగుతాయి. నేర్చుకోవడం కూడా నష్టం కాదు. మేము అల్లిన మొదటి మంచి జత అక్కకు పంపాం. చలికాలం తెల్లవారుజామున పనికి వెళ్లేటప్పుడు వేసుకుంటోందట. మడమ ఇంకా చిరగలేదని చెప్పింది.