నౌకాభంగ కథనాలలో ‘సాక్ష్యం’: ఆనీ ఫంక్ ఉదంతం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ వ్యవహారంలో ‘సాక్ష్యం’ అనే పదానికి రెండర్థాలున్నాయి. న్యాయస్థానంలో అది రుజువు. ప్రార్థనా మందిరంలో అది విశ్వాసి తన దైవానుభవాన్ని నలుగురి ఎదుట చెప్పుకోవడం. మృత్యుముఖంలోని విశ్వాసాన్ని వర్ణించే నౌకాభంగ కథనాలలో ఈ రెండూ కలగలిసిపోతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మిషన్ చరిత్రను పరిశోధించేవారు ఈ భేదాన్ని గుర్తించడం అవసరం. 1912 నాటి టైటానిక్ ప్రమాదంలో మరణించిన ఆనీ ఫంక్ ఉదంతం ఇందుకు తగిన ఉదాహరణ.

2. నేపథ్యం

ఆనీ ఫంక్ 1874 ఏప్రిల్ 12న అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించిన మెనోనైట్ మిషనరీ. 1906లో భారతదేశానికి వచ్చి, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్‌లో బాలికల పాఠశాలను ప్రారంభించారు. తల్లికి జబ్బు చేసిందన్న కబురందుకొని స్వదేశానికి బయలుదేరారు. బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికుల సమ్మె కారణంగా తాను ఎక్కవలసిన ఓడ కదలకపోవడంతో టైటానిక్‌లో రెండో తరగతి ప్రయాణికురాలయ్యారు. 38వ పుట్టినరోజు ఓడలోనే గడిచింది. మూడు రోజులకు, ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఓడ మునిగింది. సుమారు 1,500 మంది మరణించారు.

మెనోనైట్ సంప్రదాయం తెలంగాణకు కొత్తది కాదు. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు 19వ శతాబ్దపు చివరి దశకం నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండ కేంద్రంగా పనిచేశారు. ఫంక్ ఆ సంప్రదాయంలోనే వేరొక శాఖకు చెందినవారు.

3. సాక్ష్యాలలో తరతమ భేదాలు

టైటానిక్ విశ్వాస కథనాలన్నింటికీ ఒకే స్థాయి ఆధారాలు లేవు. కాథలిక్ గురువు థామస్ బైల్స్ చివరి ఘడియల్లో ప్రయాణికులతో జపమాల చెప్పించారనడానికి, ప్రాణాలతో బయటపడినవారి వాఙ్మూలాలున్నాయి. వాద్యబృందం చివరగా ఒక ప్రసిద్ధ క్రైస్తవ కీర్తనను వాయించిందన్నది వివాదాస్పదం. దానిని విన్నామని కొందరు చెప్పగా, వైర్‌లెస్ ఉద్యోగి హెరాల్డ్ బ్రైడ్ మరొక బాణీ పేరు చెప్పారు. పైగా ఆ కీర్తనను బ్రిటన్‌లో ఒక వరుసలో, అమెరికాలో మరొక వరుసలో పాడేవారు. ఇక ఫంక్ ప్రాణరక్షక పడవలో తన చోటును ఒక తల్లికి ఇచ్చారన్నది మిషన్ కథనాల ద్వారా ప్రచారం పొందినది. సాధారణంగా చెప్పే ఆ కథనంలో చూసిన సాక్షి పేరు కనిపించదు.

4. ముగింపు

రుజువు బలహీనమైనంత మాత్రాన ఆ కథనం నిరర్థకం కాదు. అది ఫంక్ చివరి క్షణాల కంటే, ఆమెను స్మరించుకున్న సమాజం ఏ విలువను ఆదర్శంగా భావించిందో ఎక్కువగా తెలుపుతుంది. ఆమె విశ్వాసానికి స్థిరమైన ఆధారం జాంజ్‌గీర్‌లో గడిపిన సంవత్సరాలలో, ఆమె పేరు దాల్చిన పాఠశాలలో ఉంది. స్థానిక సంఘాల మౌఖిక చరిత్రలను సేకరించే పరిశోధకుడు రుజువును, స్మృతిని వేరువేరుగా నమోదు చేయాలి. ఒకదాని కోసం మరొకదానిని తోసిపుచ్చకూడదు.