కర్మణి ప్రయోగము – త్రిభాషా పరిశీలనము

సంస్కృతము, తెలుగు, ఆంగ్లము అను మూడు భాషలను ఏకకాలమున అభ్యసించు ప్రాచ్యకళాశాలా విద్యార్థికి కర్మణి ప్రయోగము మూడు చోట్ల ఎదురగును. మూడింటను పేరు ఒక్కటే. ప్రయోజనము మాత్రము ఒక్కటి కాదు. ఈ భేదము తెలియకపోవుటచేత రెండు విధములైన దోషములు కలుగుచున్నవి. ఆంగ్లమున వ్రాయునపుడు ఆవశ్యకమైన కర్మణి రూపము జారిపోవును. తెలుగున వ్రాయునపుడు అక్కరలేని ‘బడు’ వచ్చి చేరును. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములకు సంబంధించిన మూడు వాక్యముల ద్వారా ఈ భేదమును నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

రూపనిష్పత్తి

సంస్కృతమున లకారములు సకర్మక ధాతువులపై కర్తయందును కర్మయందును, అకర్మక ధాతువులపై కర్తయందును భావమందును వచ్చునని పాణిని విధించెను (3.4.69). భావకర్మలయందు ఆత్మనేపదము (1.3.13), సార్వధాతుకము పరమగునపుడు యక్ (3.1.67) వచ్చును. క్రియాప్రత్యయము కర్మను చెప్పినపుడు కర్మ ప్రథమను పొందును, చెప్పబడక మిగిలిన కర్త తృతీయను పొందును (2.3.18). ‘బాలకేన గ్రంథః పఠ్యతే’ అనునది దీనికి ఉదాహరణము. ‘మయా సుప్యతే’ వంటి భావేప్రయోగము సంస్కృతమునకు సహజము. తెలుగున ‘నాచే నిద్రింపబడుచున్నది’ అనరు. ఆంగ్లమునను అట్టి వాక్యము పొసగదు.

ఆంగ్లమున ‘బీ’ క్రియారూపమును భూతకృదంతమును కలిసి కర్మణి రూపమగును. ‘ఈజ్ రిటెన్’, ‘వాజ్ రిటెన్’, ‘హాజ్ బీన్ రిటెన్’, ‘విల్ బీ రిటెన్’ అనుచోట్ల కాలభేదమంతయు సహాయక్రియలదే, ‘రిటెన్’ మారదు. కర్తను చెప్పవలసివచ్చినపుడు ‘బై’ చేరును. అకర్మక క్రియలకు ఈ రూపము లేదు. కావున ‘ది యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’ అనునది దోషము.

తెలుగున ధాతువు యొక్క తుమర్థక రూపముపై ‘పడు’ అనుప్రయుక్తమగును. చేయన్ + పడు అనుచోట ద్రుతప్రకృతికముపై పరుషము సరళమై ‘చేయబడు’ అయినది. రచించు, శిక్షించు వంటి ధాతువులు ‘రచింపబడు’, ‘శిక్షింపబడు’ అగును. కర్తకు ‘చే, చేత’ చేరును. క్రియ కర్మను అనుసరించును. ద్రావిడ భాషలకు వాస్తవమైన కర్మణి క్రియారూపము లేదనియు, ‘పడు’ వంటి సహాయక్రియలతో దానిని కల్పించుకొనుచున్నవనియు కాల్డ్వెల్ 1856లో వెలువరించిన తులనాత్మక వ్యాకరణమున అభిప్రాయపడెను.

ఆవశ్యకత

ఆంగ్లమున కర్త, క్రియ, కర్మ అను క్రమమే కారకసంబంధమును తెలుపును. కర్మను ముందు నిలుపవలెనన్నచో సాధారణముగా క్రియారూపమునే మార్చవలసివచ్చును. తెలుగున విభక్తులున్నవి. ‘రాముడు వాలిని చంపెను’ అన్నను, ‘వాలిని రాముడు చంపెను’ అన్నను చంపినవాడు మారడు; ప్రస్తావము మాత్రము వాలివైపు తిరుగును. ఆంగ్లము కర్మణి రూపముతో సాధించు ఈ పనిని తెలుగు పదక్రమముతోనే సాధించుచున్నది. ‘రామేణ వాలీ హతః’ అను వాక్యమునకు ‘రామునిచే వాలి చంపబడెను’ అనునది అన్వయబోధకమైన ప్రతిపదార్థము. తాత్పర్యమునకు ‘వాలిని రాముడు చంపెను’ అనుటయే సహజము.

విశేషణ రూపములందును ఇట్టిదే. ‘బాలుడు వ్రాసిన లేఖ’ అనుచోట ‘వ్రాసిన’ అను క్రియాజన్య విశేషణము కర్మయైన లేఖకును చెల్లును; ‘వ్రాసిన బాలుడు’ అనుచోట కర్తకును చెల్లును. ఆంగ్లమున కర్మకు ‘రిటెన్’ అను వేరురూపము కావలెను. కనుక ‘బాలునిచే వ్రాయబడిన లేఖ’ అనుట తెలుగునకు అనవసరమైన బరువు.

మూడు వాక్యములు

మొదటిది తెనాలికి సంబంధించినది: కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో జన్మించెను. ‘జన్మించు’ తెలుగున అకర్మకము. ఆంగ్లమున ఇదే భావమునకు ‘వాజ్ బార్న్’ అను కర్మణి రూపము కావలెను. తెలుగు విద్యార్థి తన భాషలోని కర్తరి వాక్యమును అనుసరించి ‘హీ బార్న్ ఇన్ తెనాలి’ అని వ్రాయును. స్పానిష్ భాషలోను ఈ అర్థమున ‘నాసియో’ అను కర్తరి రూపమే కలదు. కావున ఆ భాషీయులకును ఈ స్ఖలనమునకు అవకాశము కలదు. ఇది బుద్ధిలోపము కాదు, మాతృభాషాసంస్కారము. ‘వాజ్’ విడిచినాడని గుర్తుపెట్టుటతో సరిపోదు. ఏల విడిచినాడో చెప్పవలెను.

రెండవది బాపట్లకు సంబంధించినది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి వరి వంగడము 1986లో విడుదలైనది. ఆంగ్లమున ‘వాజ్ రిలీజ్డ్’ అనవలెను. దానిని చూచి ‘విడుదల చేయబడినది’ అనువారు కలరు. ‘విడుదలైనది’ అనిన చాలును. పూర్తియైనది, అచ్చయినది, నిర్మితమైనది అని ‘అగు’ ధాతువుతో కర్మప్రధానమైన అర్థమును తెలుపుట తెలుగు పద్ధతి. విరుచు–విరుగు, తెంచు–తెగు, కాల్చు–కాలు వంటి జంటలు దీనికి తోడు. ‘కొమ్మ విరువబడినది’ అనక ‘కొమ్మ విరిగినది’ అందురు. సంస్కృత వైయాకరణులు కర్మకర్తరి ప్రయోగముగా చర్చించిన విషయము (3.1.87) దీనికి సన్నిహితము.

మూడవది రేపల్లెకు సంబంధించినది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లె చేర్చబడినది; తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండెను. ఇచ్చట ‘చేరినది’ అన్నచో రేపల్లె తనంత తాను చేరినట్లు ధ్వనించును. ‘రేపల్లెను చేర్చిరి’ అనవచ్చును. చేసినవారిని చెప్పవలసినచో ‘ప్రభుత్వము చేర్చెను’ అనవలెను. కర్త ప్రసిద్ధుడై, చెప్పనక్కరలేని శాసనభాషలో ‘చేర్చబడినది’ సమర్థనీయమే. అంగళ్లపై కనిపించు ‘ఇచ్చట అమ్మబడును’ అను ప్రకటనయు ఈ కోవలోనిదే. స్పానిష్ వారు ఇట్టిచోట ‘సే వెందే’ అని, కర్తను చెప్పని వేరొక నిర్మాణమును వాడుదురు.

అయితే ‘చర్య తీసికొనబడును’ అను వాక్యమున ఎవరు తీసికొందురో తెలియదు. అర్జీదారునకు కావలసినది ఆ కర్తయే. అచ్చట కర్మణి ప్రయోగము బాధ్యతను మరుగుపరచును. కనుక ఇది శైలీవిషయము మాత్రమే కాదు.

‘బడు’ ఉన్నంతమాత్రమున కర్మణి కాదు

కనబడు, వినబడు అను రూపములు చూచుటకు కర్మణి క్రియలవలె ఉన్నను వాటి అన్వయము వేరు. ‘నాకు కొండ కనబడుచున్నది’ అందురు; ‘నాచే కనబడుచున్నది’ అనరు. అనుభవించువానికి ఇచ్చట చతుర్థియే వచ్చును. కష్టపడు, భయపడు, సిగ్గుపడు అనుచోట్ల ‘పడు’ నామముపై చేరి ‘అనుభవించు’ అను అర్థమునిచ్చును. ‘చే’ చేరునా లేదా అను పరీక్షచే ఈ భేదము తేటపడును.

బోధనా మార్గము

అనువాదమున కర్మణి వాక్యము ఎదురైనపుడు విద్యార్థిచే మూడు ప్రశ్నలు వేయించుట మేలు. కర్మను ముందుంచుట మాత్రమే ప్రయోజనమా? అట్లయిన పదక్రమము మార్చిన చాలును. కర్మయందలి అవస్థాంతరమే ముఖ్యమా? అట్లయిన అకర్మక ధాతువు గాని ‘అగు’ గాని తగును. కర్తను చెప్పకుండుట న్యాయమా? న్యాయమైనచో ‘బడు’ వాడవచ్చును. కానిచో కర్తను చెప్పవలెను. తెలుగునుండి ఆంగ్లమునకు పోవునపుడు ఆంగ్లక్రియ సకర్మకమా, వాక్యమున ముందు నిలిచినది దానికి కర్మయా అని విచారింపవలెను. రూపమునకు రూపము కాక ప్రయోజనమునకు ప్రయోజనము చూచినపుడే అనువాదము ఆయా భాషల స్వభావమునకు అనుగుణమగును.